ఇంధన, ఔషధ మొక్కలు: తూర్పు హైదరాబాదు

నిర్వచనం

గింజల నూనెను ఇంజన్లలో మండే ద్రవంగా మార్చడానికి వీలుండి, ఆకు, బెరడు, వేరు, నూనెలలో ఏదో ఒకటి వైద్యంలో వాడుకలో ఉన్న జాతులను ఇంధన, ఔషధ మొక్కలుగా లెక్కిస్తారు. ఉష్ణమండలంలో ఇటువంటివి చాలా ఉన్నాయి. తెలంగాణ మెట్ట నేలల్లో మాత్రం కానుగ, వేప, ఆముదం, అడవి ఆముదం, ఇప్ప ముఖ్యమైనవి. ఇప్ప నూనెను గిరిజన ప్రాంతాల్లో వంటకు వాడతారు. మిగిలిన నాలుగింటి నూనెలు వంటకు పనికిరావు.

ఈ తినరాని గుణాన్ని బట్టే ఈ మొక్కల చరిత్ర అర్థమవుతుంది. కానుగలోని కరంజిన్, వేపలోని అజాడిరాక్టిన్ వంటి చేదు పదార్థాలు చర్మవ్యాధుల మందుగానూ చీడపీడల మందుగానూ పనికివచ్చాయి. ఈ నూనెల వల్ల జనం తిండికి కొరత రాదు కాబట్టి ఇంధన ప్రణాళికలు వేసినవారూ వీటినే ఎంచుకున్నారు. అయితే నూనె తీశాక మిగిలే చెక్క పశువులకు పెట్టడానికి వీలు కాకపోవడానికి కారణం కూడా ఆ పదార్థాలే. చెక్కకు దాణా ధర పలకకపోతే గింజల సేకరణ గిట్టుబాటు కావడం కష్టం.

ప్రాంతం, నేల

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలు హైదరాబాదు తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో విజయవాడ, నాగార్జునసాగర్ రహదారుల మొదట్లో ఉన్నాయి. గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన ఎర్ర చల్కా నేలలు, ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు కురవడం ఇక్కడి ప్రకృతి. నీటిని ఎక్కువసేపు పట్టుకోలేని ఈ నేలల్లో వేరు లోతుగా దిగే చెట్లే వేసవిని తట్టుకుంటాయి. కానుగ, వేప అటువంటివే.

వనస్థలిపురం పక్కన సుమారు 14.6 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఈ ప్రాంతపు పాత పొద అడవికి మిగిలిన పెద్ద నమూనా. ఒకప్పుడు నిజాముల వేటస్థలమైన ఈ అడవికి 1975లో, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా ఆ పేరు పెట్టారు. 1994లో ఇది జాతీయ ఉద్యానమైంది. సాగర్ రోడ్డు మీద గుర్రంగూడ అటవీ ఖండంలోని సంజీవని వనంలో ఔషధ మొక్కలను ప్రత్యేకంగా పెంచుతున్నారు.

ఈ విషయంతో నేరుగా సంబంధమున్న పరిశోధనా సంస్థలు కూడా ఈ దిక్కునే ఉండటం విశేషం. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) 1985లో ఏర్పడింది. దాని పరిశోధనా క్షేత్రం ఎల్బీనగర్ దాటాక హయత్‌నగర్‌లో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొని ఉన్న గడ్డిఅన్నారంలో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది. సుగంధ, ఔషధ మొక్కల కేంద్ర సంస్థ సీమాప్‌కు బోడుప్పల్‌లో పరిశోధనా కేంద్రం ఉంది. నూనెల రసాయన శాస్త్రంలో పేరున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) తార్నాకలో ఉంది. 1944లో హైదరాబాదు సంస్థానం నెలకొల్పిన ప్రయోగశాలే తర్వాత ఈ సంస్థగా ఎదిగింది.

చరిత్ర

విద్యుత్తు, కిరసనాయిలు రాకముందు తెలుగు పల్లెల్లో దీపపు నూనెలు ప్రధానంగా ఆముదం, కానుగ, ఇప్ప. వలసపాలన కాలంలో భారతదేశపు ఆముదం సాగులో హైదరాబాదు సంస్థానం ముందుండేది. గింజ నూనెతో ఇంజను నడపడం కూడా కొత్త సంగతి కాదు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. పెట్రోలియం చౌకగా దొరికినంత కాలం ఆ దారిని ఎవరూ పట్టించుకోలేదు.

భారతదేశంలో ఈ ఆలోచనకు ప్రభుత్వ ప్రణాళిక రూపం వచ్చింది 2003లో. ఆ ఏడాది ప్రణాళికా సంఘపు కమిటీ తన నివేదికలో డీజిల్‌లో 20 శాతం జీవ డీజిల్ కలపాలంటే సుమారు 1.12 కోట్ల హెక్టార్లలో అడవి ఆముదం పెంచాలని అంచనా వేసింది. 2005 అక్టోబరులో ప్రకటించిన కొనుగోలు విధానం ప్రకారం 2006 జనవరి నుంచి చమురు సంస్థలు లీటరు జీవ డీజిల్‌ను 25 రూపాయలకు కొనాల్సి ఉండేది. తయారీ ఖర్చు అంతకు మించిపోవడంతో ఆ ధరకు అమ్మడానికి ముందుకు వచ్చినవారు లేకపోయారు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 కల్లా 20 శాతం మిశ్రమం సాధించాలని సూచించింది. ఆ లక్ష్యానికి డీజిల్ విషయంలో దేశం దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అడవి ఆముదం కంటే కానుగకే మొగ్గు కనిపించింది. దీనికి ముందడుగు పడింది ఆదిలాబాద్ అడవుల్లో. జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘాలు ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఇచ్చిన నూనె యంత్రంతో కానుగ గింజలు ఆడించేవి. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వారికి తోడ్పడ్డారు. పెట్రోలియం డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడటం వల్ల పదేళ్లలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు గాను 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ గూడెం మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సు వల్ల వాతావరణంలో చేరిన ఉద్గారాలకు పరిహారంగా ఈ కొనుగోలు జరిగింది. మొత్తం చిన్నదే. కానీ ఒక తెలుగు గిరిజన గూడెం కర్బన ఉద్గారాల తగ్గింపును అంతర్జాతీయ సంస్థకు అమ్మిన తొలి సందర్భాల్లో ఇదొకటి కాబట్టి ఆ రోజుల్లో దేశదేశాల్లో దీని గురించి రాశారు.

ఎల్బీనగర్ నుంచి విజయవాడ రహదారి వెంట చౌటుప్పల్ మీదుగా వెళితే వచ్చే సంస్థాన్ నారాయణపూర్ దగ్గర జర్మనీకి చెందిన లుర్గీ సాంకేతికతతో ఒక జీవ డీజిల్ కర్మాగారం ఆ దశాబ్దంలోనే వచ్చింది. ఇటువంటి కర్మాగారాలన్నిటికీ ఎదురైన చిక్కు ఒకటే: ఏడాది పొడవునా యంత్రం నడపడానికి సరిపడా చెట్ల గింజలు ఒకచోట దొరకవు.

ముఖ్య జాతులు

కానుగ

శాస్త్రీయ నామం మిల్లెట్టియా పిన్నాటా. పొంగామియా పిన్నాటా అని కూడా అంటారు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ చెట్టు దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా దాకా సహజంగా పెరుగుతుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. ఉప్పు నేలలను, కరువును, కొద్దిపాటి నీటి ముంపును కూడా తట్టుకోగలదు. దట్టమైన నీడ ఇవ్వడం, పశువులు ఆకును పెద్దగా ముట్టకపోవడం వల్ల హైదరాబాదు రోడ్ల పక్కన విరివిగా నాటారు. చలికాలం చివర ఆకు రాల్చి, వెంటనే లేత చిగురు తొడుగుతుంది. వేసవిలో తెలుపు, లేత ఊదా రంగుల పూత వస్తుంది. కాయ ముదరడానికి పది, పదకొండు నెలలు పడుతుంది. అందువల్ల ఒకే చెట్టు మీద పాత కాయలు, కొత్త పూత కలిసి కనిపించడం మామూలే.

కాయకు సాధారణంగా ఒకే గింజ ఉంటుంది. గింజలో 30 నుంచి 40 శాతం నూనె ఉన్నా, గ్రామాల్లోని చిన్న యంత్రాలు నాలుగు కిలోల గింజకు దాదాపు ఒక కిలో నూనె మాత్రమే తీయగలవు. చెట్టు నాలుగైదేళ్లకు కాపు మొదలుపెడుతుంది. ఎదిగిన చెట్టు ఏడాదికి 10 నుంచి 50 కిలోల గింజ ఇస్తుందని చెబుతారు. ఇంత వెడల్పైన అంకె చూస్తేనే అసలు సమస్య తెలుస్తుంది. విత్తనం నుంచి మొలిచిన కానుగ చెట్లు ఒకదానితో ఒకటి పోలవు. క్రీడా శాస్త్రజ్ఞులు ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి మేలైన చెట్ల గింజలను సేకరించి, వాటి బరువులోనూ నూనె శాతంలోనూ ఎదుగుదలలోనూ ఉన్న తేడాలను నమోదు చేశారు. మంచి చెట్టు కొమ్మను అంటు కట్టి నాటితే కాపు ముందుగా, ఒకేలా వస్తుంది. 2000ల నాటి నాట్లలో చాలావరకు విత్తన మొక్కలే వాడారు. ఆ తోటల దిగుబడి అంచనాలను అందుకోకపోవడానికి ఇది పెద్ద కారణం.

కానుగ నూనె ముదురు పసుపు నుంచి గోధుమ రంగులో, చేదుగా, ఘాటు వాసనతో ఉంటుంది. సబ్బులకు, తోళ్లు పదును పెట్టడానికి, దీపాలకు, పైరు మీద పిచికారీకి వాడతారు. చెక్కలో సుమారు 4 శాతం నత్రజని ఉంటుంది. అది మంచి ఎరువు. కరంజిన్ నేలలో నత్రజని త్వరగా కరిగిపోకుండా ఆపుతుంది కూడా. కానుగ రొట్టను వరి మడిలో తొక్కించడం తెలుగు రైతుల పాత అలవాటు. చిన్న రైతుకు ఇంధనం కంటే ఈ ఎరువు లాభమే నికరమైనదని చెప్పవచ్చు.

వేప

గింజ పప్పులో 40 శాతానికి పైగా నూనె ఉన్నప్పటికీ వేపను ఇంధనానికి తక్కువగానే వాడతారు. సస్యరక్షణ మందుగా దానికి అంతకంటే మంచి ధర వస్తుంది. యూరియా మెల్లగా కరగడానికి వేప నూనె పూత పూయడాన్ని కేంద్ర ప్రభుత్వం 2015లో దేశీయ యూరియా మొత్తానికి తప్పనిసరి చేసింది. వేప నుంచి శిలీంధ్రనాశిని తయారీకి యూరప్ పేటెంటు కార్యాలయం 1994లో ఇచ్చిన పేటెంటు, అది భారతీయులకు ముందునుంచే తెలిసిన విషయమని తేలి 2000లో రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. 2021 ప్రాంతంలో హైదరాబాదు సహా తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోయాయి. ఫోమాప్సిస్ శిలీంధ్రం, టీ దోమ దీనికి కారణాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఆముదం

పాలమూరు, నల్లగొండ, రంగారెడ్డి మెట్ట నేలల్లో తరతరాలుగా పండే పంట. గింజలో 45 నుంచి 50 శాతం నూనె, ఆ నూనెలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం ఉంటాయి. ఈ ఆమ్లం వల్ల నూనె మరీ చిక్కగా ఉంటుంది. జీవ డీజిల్‌గా మార్చినా ఆ చిక్కదనం పూర్తిగా పోదు. అందుకని ఆముదం ఇంధనంగా కాక కందెనలు, రంగులు, ప్లాస్టిక్ పరిశ్రమల ముడిసరుకుగా స్థిరపడింది. రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధనా సంస్థ, నాగర్‌కర్నూలు జిల్లా పాలెంలోని ప్రాంతీయ పరిశోధనా కేంద్రం ఈ పంట మీద పనిచేస్తున్నాయి. ఆకును తినే దాసరి పురుగు, గెల మీద ముసురు రోజుల్లో వచ్చే బూజు తెగులు ఇక్కడి రైతును ఎక్కువగా దెబ్బతీస్తాయి. గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి తీసే వంటాముదాన్ని బాలింతలకు, పసిపిల్లలకు వాడే ఆచారం ఉండేది.

అడవి ఆముదం

జట్రోఫా కర్కస్. కొన్ని చోట్ల నేపాళం అని కూడా అంటారు. అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చి మన పొలాలకు కంచెగా నిలిచింది. గింజలోని ఫార్బాల్ ఎస్టర్లు విషం. పిల్లలు గింజలు తిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైన ఘటనలు తరచూ జరుగుతుంటాయి. మొక్క నుంచి కారే పాలను పుండ్లకు, పంటినొప్పికి నాటువైద్యంలో వాడతారు. ఈ మొక్క ఎండిన బీడులో బతుకుతుంది, కానీ నీరు, ఎరువు లేకుండా కాయదు. ప్రణాళికలు వేసినవారు ఈ రెండు సంగతులనూ ఒకటిగా చూడటం వల్లనే దేశవ్యాప్తంగా నష్టం జరిగింది. కాయలు ఒకేసారి పండకపోవడంతో కోత కూలీ పెరగడం, మెరుగైన రకాలు లేకపోవడం అదనపు కారణాలు.

ఇతర జాతులు

ఇప్పపువ్వు పులియబెడితే సారా వస్తుంది, గింజ నూనె ఇస్తుంది. మధ్య అమెరికా నుంచి తెచ్చిన సీమరూబాను లక్ష్మీతరు పేరుతో క్యాన్సరు మందుగా ప్రచారం చేస్తున్నా అందుకు తగిన వైద్య ఆధారం లేదు. తీపి జొన్న రసం నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం ఇక్రిశాట్ సహకారంతో 2007లో సంగారెడ్డి దగ్గర మహమ్మద్ షాపూర్‌లో మొదలైంది.

నూనె ఇంధనంగా మారే విధానం

కానుగ నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. నేరుగా పోస్తే పాతకాలపు పంపు ఇంజన్లు కొంతకాలం నడుస్తాయి గాని, చిమ్మే రంధ్రాల దగ్గర మసి గట్టిపడుతుంది. చిక్కదనం తగ్గించడానికి నూనెను 60 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద మిథనాల్‌తో, కాస్టిక్ సోడా వంటి క్షారాన్ని ఉత్ప్రేరకంగా వేసి కలుపుతారు. నూనె అణువులోని గ్లిజరిన్ విడిపోయి, దాని స్థానంలో మిథనాల్ చేరుతుంది. 100 కిలోల నూనెకు దాదాపు 100 కిలోల జీవ డీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. అడుగున చేరిన గ్లిజరిన్‌ను తీసివేసి, పై ద్రవాన్ని నీటితో కడిగి, తేమ పోయేదాకా ఆరబెడతారు.

కానుగ గింజను తడిగా నిల్వ చేస్తే నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. అవి క్షారంతో కలిసి సబ్బుగా మారి పని చెడగొడతాయి. అటువంటి నూనెకు ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక దశ, తర్వాత క్షారంతో రెండో దశ అవసరం. గింజను ఎండలో బాగా ఆరబెట్టి గోనెల్లో గాలి తగిలేలా నిల్వ చేస్తే ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది. దేశంలో జీవ డీజిల్ నాణ్యతకు ఐఎస్ 15607 ప్రమాణం.

వైద్యంలో స్థానం

ఆయుర్వేద గ్రంథాల్లో కానుగను కరంజ, నక్తమాల అనీ, వేపను నింబ అనీ, ఆముదాన్ని ఏరండ అనీ వ్యవహరిస్తారు. చరక సంహితలో దురద తగ్గించే పది ద్రవ్యాల గణంలో నక్తమాలం, నింబం రెండూ ఉన్నాయి. పళ్లు తోముకోవడానికి చెప్పిన పుల్లల్లో కరంజ మొదటి వరుసలో ఉంది. తెలుగు నాట వేప, కానుగ పందుంపుల్లల వాడుక దీనికి సరిపోలుతుంది. గజ్జి, తామర, తలలో పేలకు కానుగ నూనె పూయడం ఇంటివైద్యంలో నేటికీ ఉంది.

ఈ గ్రంథాల పరిశీలనకు గడ్డిఅన్నారం సంస్థ దేశంలోనే ముఖ్య కేంద్రం. వైద్య చరిత్రకారుడు డి.వి. సుబ్బారెడ్డి కృషితో 1956లో ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగంగా ఆరంభమై, కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి కిందికి వచ్చి, 2009లో ఇప్పటి పేరు పొందింది. సంహితలనూ నిఘంటువులనూ వెతుక్కోవడానికి వీలుగా కంప్యూటరులోకి ఎక్కించింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సాంప్రదాయ వైద్య సాహిత్య పరిశోధనలో సహకార కేంద్రంగా గుర్తించింది. ఒక మొక్క పేరు ఏ గ్రంథంలో, ఏ రోగానికి వచ్చిందో దిల్‌సుఖ్‌నగర్ పక్కనే సరిచూసుకునే వీలు ఉండటం మూలికల మీద పనిచేసేవారికి గొప్ప సౌకర్యం.

ఆధునిక పరిశోధన కొన్ని వాడుకలను ధ్రువపరిచింది, మొక్కల నుంచి కొత్త మందులనూ తీసింది. ఆముదం విరేచనకారిగా ఎలా పనిచేస్తుందో 2012లో జర్మనీ శాస్త్రజ్ఞులు తేల్చారు. రిసినోలిక్ ఆమ్లం పేగులోని ఈపీ3 అనే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. తోటల్లో పెంచే బిళ్ళగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందులు తీస్తున్నారు. ఆకులోంచి నేరుగా కాదు, శుద్ధి చేసిన అణువులుగా మాత్రమే అవి మందులు.

ఇళ్ల పెరళ్లలో, కుండీల్లో ఎక్కువగా పెంచేవి తులసి, కలబంద, తిప్పతీగ, నిమ్మగడ్డి, అశ్వగంధ. నిమ్మగడ్డి, పామరోజా వంటి సుగంధ గడ్డి జాతుల సాగును, ఆవిరితో నూనె తీసే పద్ధతిని బోడుప్పల్ కేంద్రం రైతులకు నేర్పుతోంది. మెట్ట రైతుకు ఈ గడ్డి నూనె నుంచి వచ్చే రాబడి, కానుగ గింజ నుంచి వచ్చేదాని కంటే త్వరగా చేతికి అందుతుంది.

విష లక్షణాలు

ఈ మొక్కల్లో చాలావాటికి విషగుణం ఉంది. ఆముదం గింజలో రిసిన్ అనే ప్రాణాంతక ప్రోటీను ఉంది. నూనె తీసేటప్పుడు అది చెక్కలోనే మిగిలిపోతుంది. పసిపిల్లలకు వేప నూనె తాగించడం వల్ల మూర్ఛ, కాలేయం దెబ్బతినడం వంటి ప్రమాదాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయ వాపు కేసులను ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. తిప్పతీగను పోలిన వేరే జాతి తీగ ఉండటం గందరగోళానికి ఒక కారణంగా చెబుతారు. గర్భిణులు, పసిపిల్లలు, కాలేయ వ్యాధి ఉన్నవారు ఈ మొక్కల నూనెలను గాని కషాయాలను గాని వైద్యుని సలహా లేకుండా లోపలికి తీసుకోకూడదు.

ప్రస్తుత స్థితి

2018లో ప్రకటించిన జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం జీవ డీజిల్ లక్ష్యంగా పెట్టుకుంది. పెట్రోలులో ఇథనాల్ 2025లోనే 20 శాతానికి చేరగా, జీవ డీజిల్ మాత్రం ఒక శాతం లోపే ఆగిపోయింది. ఇథనాల్ చెరకు, ధాన్యం వంటి స్థిరమైన పంటల మీద ఆధారపడింది. చెట్ల గింజకు అటువంటి సేకరణ, మద్దతు ధర ఏర్పడలేదు.

నగరంలో ఇప్పుడు జీవ డీజిల్‌కు ఎక్కువగా వచ్చే ముడిసరుకు వాడేసిన వంటనూనె. పలుసార్లు కాగిన నూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడరాదని ఆహార భద్రతా సంస్థ పెట్టిన నియమం 2018 జూలై నుంచి అమల్లో ఉంది. అటువంటి నూనెను సేకరించి ఇంధనంగా మార్చే కార్యక్రమాన్ని ఆ ఏడాదే ఆరంభించారు. విద్యార్థుల హాస్టళ్లు, మెస్‌లు, టిఫిన్ సెంటర్లు కిక్కిరిసిన దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట వీధుల్లో ఇటువంటి నూనెకు కొరత లేదు. రోడ్డు పక్కన రాలే కానుగ కాయలను సేకరించే ఏర్పాటు మాత్రం నగరంలో పెద్దగా కనిపించదు. తెలంగాణలో కానుగ నూనెకు నేటికీ గిరాకీ ప్రధానంగా సబ్బులు, సస్యరక్షణ మందులు, చర్మ లేపనాల నుంచే వస్తోంది.